కుళాయి గొట్టాలను సింకు కింది వాల్వులకు బిగించడం: సమగ్ర మార్గదర్శి

మొదటిసారి వంటింటి కుళాయిని నా చేతులతో నేనే బిగించినప్పుడు వేడినీటి వైపు నట్టు దగ్గర బొట్టు ఆగలేదు. ఇంకాస్త బిగించాను, ఆగలేదు. విప్పి, మర మీద ప్లంబర్లు వాడే తెల్ల టేపు పన్నెండు చుట్లు చుట్టి మళ్లీ బిగించాను. బొట్టు కాస్త ఆలస్యంగా పడసాగింది, అంతే. చివరికి విసిగి సామాన్లు సర్దుతుంటే కుళాయి వచ్చిన అట్టపెట్టె అడుగున ఒక నల్లటి రబ్బరు ఉంగరం కనిపించింది. నట్టులో ఉండాల్సిన వాషరు అది. పెట్టెలోంచి గొట్టాన్ని లాగేటప్పుడు జారిపోయి ఉంటుంది. టేపంతా పీకేసి, వాషరును నట్టులో కూర్చోబెట్టి, వేళ్లతో బిగించి, స్పానరుతో పావు చుట్టు తిప్పగానే నీరు ఆగిపోయింది.

ఈ పనికి సంబంధించిన అసలు సూత్రం అందులోనే ఉంది. గొట్టం, వాల్వు కలిసేచోట నీటిని ఆపేది వాషరు. మర చేసేదల్లా ఆ వాషరును వాల్వు అంచుకు నొక్కిపట్టి ఉంచడమే. ఇది అర్థమైతే టేపు ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో, ఎంత బలం వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

కొలతలు: అరంగుళం అరంగుళం కాదు

వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి ఇచ్చే వంటింటి మిక్సర్ కుళాయికి వచ్చే గొట్టాలకు రెండు కొసలూ రెండు రకాలు. కుళాయిలోకి ఎక్కే కొస సన్నగా, బయటి మరతో ఉంటుంది. చాలా కుళాయిలకు ఇది ఎం10, అంటే 10 మిల్లీమీటర్ల మర. కొన్నింటికి ఎం8 ఉంటుంది. వాల్వు వైపు కొసకు తిరిగే నట్టు, దాని లోపల వాషరు ఉంటాయి. ఆ నట్టు సాధారణంగా అరంగుళం లేదా మూడు బై ఎనిమిది అంగుళాలది.

తికమక ఇక్కడే మొదలవుతుంది. అరంగుళం వాల్వు మూతిని స్కేలుతో కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది, అరంగుళమంటే 12.7 మాత్రమే. పాతకాలపు ఇనుప పైపు లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టిన పేరు అది, మర వెలుపలి కొలతకూ దానికీ పొంతన ఉండదు. అలాగే మూడు బై ఎనిమిది మర బయటి కొలత దాదాపు 16.7 మిల్లీమీటర్లు. కాబట్టి గుర్తు ఇలా పెట్టుకోండి: వాల్వు మూతి 21 వస్తే అరంగుళం, 17కు దగ్గరగా వస్తే మూడు బై ఎనిమిది. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి పాత గొట్టాన్ని చేత్తో పట్టుకుని దుకాణానికి వెళ్లడం.

మర ప్రమాణాల్లోనూ ఒక చిక్కుంది. బ్రిటిష్ పద్ధతి అరంగుళం మరకూ, అమెరికన్ పద్ధతి అరంగుళం మరకూ అంగుళానికి 14 చుట్లే. కానీ ఒకదాని పంటి కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60. పైగా అమెరికన్ పైపు మర మొదట్నుంచి చివరికి వెడల్పవుతూ పోతుంది. ఒకదానిలో ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, తరవాత మొండికేస్తుంది. అప్పుడు బలం పెడితే పాడయ్యేది మరే. కుళాయి ఒక దేశానిది, వాల్వు మరో దేశానిది అయితే ఈ సంగతి ముందే చూసుకోండి. కొలత కలవకపోతే సరైన అడాప్టరు వాడాలి తప్ప, రెండు వాషర్లు పెట్టి సర్దుబాటు చేయకూడదు.

గొట్టం పొడవు విషయంలో పిసినారితనం వద్దు. 30, 45, 60 సెంటీమీటర్ల గొట్టాలు సులువుగా దొరుకుతాయి. కుళాయి అడుగు నుంచి వాల్వు దాకా తాడు పెట్టి, మెల్లగా వంపు తిప్పి కొలవండి. తిన్నగా లాగి కొలిస్తే పొట్టిది కొంటారు. పొట్టి గొట్టం నట్టును ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది, అప్పుడు వాషరు ఒక వైపు నలిగి, మరో వైపు తేలిపోతుంది. రెండు పొట్టి గొట్టాలను కలిపి పొడుగు చేయడమంటే మరో అతుకును, అంటే కారడానికి మరో చోటును చేతులారా పెట్టుకోవడమే.

గొట్టం లోపల రబ్బరు నాళం, పైన స్టెయిన్‌లెస్ స్టీలు తీగల అల్లిక ఉంటాయి. ఒత్తిడికి రబ్బరు ఉబ్బకుండా పట్టి ఉంచేది ఆ అల్లికే. గొట్టం మీదో, దాని చీటీ మీదో ఎంత ఒత్తిడి వరకు తట్టుకుంటుందో, వేడినీటికి పనికొస్తుందో లేదో రాసి ఉంటుంది. ఏమీ రాయని గొట్టాన్ని నేనైతే కొనను. చౌకరకాల్లో పైన మెరిసేది అల్యూమినియం తీగ కావచ్చు, తడి తగిలేచోట అది ఎక్కువ కాలం నిలవదు.

నీరు కట్టేయడం

కావలసిన సామాను కొద్దిగానే. రెండు సర్దుబాటు స్పానర్లు, బల్లపరుపు కొస ఉన్న స్క్రూడ్రైవరు, ఒక బకెట్టు, రెండు పాత గుడ్డలు, ఒక పాత టూత్‌బ్రష్, టార్చి, కొన్ని పొడి కాగితపు రుమాళ్లు. రెండు స్పానర్లు ఎందుకో తరవాత చెబుతాను, ఒకటి చాలులే అనుకోవద్దు. సింకు కింద ఉన్న సామానంతా బయట పెట్టండి. మెడ వంచి పనిచేసే చోట అడ్డుగా ఒక్క సీసా ఉన్నా చికాకే.

పిడి ఉన్న వాల్వయితే కుడివైపు తిప్పి కట్టేయాలి. కొన్ని వాల్వులకు పిడి ఉండదు, మధ్యలో స్క్రూడ్రైవరు పెట్టే గాడి ఉంటుంది. ఆ గాడి పైపు వెంబడి ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. పావు చుట్టుతో పని అయిపోతుంది. వేడినీటి హీటరు ఉంటే దాని కరెంటు కూడా ఆపేయండి.

వాల్వులు కట్టేశాక కుళాయి తెరిచి చూడండి. ధార తగ్గి, సన్నబడి, ఆగాలి. రెండు నిమిషాల తరవాత కూడా సన్నగా కారుతూనే ఉంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. చాలా ఏళ్లు కదలని వాల్వులకు ఇది మామూలే. అప్పుడు ఇంటికంతటికీ నీరిచ్చే ప్రధాన వాల్వును కట్టేయాలి. అసలు ఈ పని మొదలుపెట్టేముందే ఆ ప్రధాన వాల్వు ఎక్కడుందో, తిరుగుతుందో లేదో చూసుకుని ఉండాలి. చేతిలో ఊడొచ్చిన గొట్టంతో దాన్ని వెతుక్కునే పరిస్థితి పగవారికి కూడా వద్దు.

ఒక మినహాయింపు ఉంది. సింకు కింద చిన్న హీటరు ఉండి, దాని కుళాయికి రెండు కాకుండా మూడు గొట్టాలు ఉంటే, అది ఒత్తిడి తట్టుకోలేని రకం హీటరు. నీరు వేడెక్కి పెరిగినప్పుడు కుళాయి మూతి గుండానే బయటికి రావాలి. అలాంటి హీటరు నుంచి కుళాయికి వచ్చే గొట్టం మీద ఎప్పుడూ వాల్వు పెట్టకండి. మూసిపెడితే హీటరు ట్యాంకు పగులుతుంది.

పాతవి విప్పి, లోపల చూడడం

నట్టు కింద బకెట్టు పెట్టి విప్పండి. గొట్టంలో కప్పుడు నీళ్లు మిగిలే ఉంటాయి. విప్పగానే పాత వాషరు నట్టుతో పాటు వచ్చిందా, వాల్వు అంచుకు అతుక్కుని ఉండిపోయిందా చూడండి. పాత రబ్బరు గట్టిపడి లోహానికి అంటుకుపోతుంది, నల్లగా ఉండటంతో టార్చి వెలుగులో కూడా తెలియదు. చూపుడు వేలిని వాల్వు అంచు చుట్టూ తిప్పండి. వేలికి నల్లటి మసి అంటితే అక్కడ పాత వాషరు ఉన్నట్టే. గోటితోనో, చెక్కపుల్లతోనో తీసేయాలి. దాని మీదే కొత్త వాషరు పెట్టి బిగిస్తే రెండూ ఒకదాని మీద ఒకటి జారి, ఎంత బిగించినా కారతాయి.

అంచు మీద సున్నపు పొర, పాత టేపు ముక్కలు ఉంటే బ్రష్షుతో రుద్దండి. ఇసుకరేణువంత గరుకు మిగిలినా వాషరు దాని పక్కనుంచి నీటిని వదులుతుంది.

ఇప్పుడొక పని చాలామంది చేయరు. వాల్వు మూతి కింద బకెట్టు పట్టి, ఒక్క క్షణం వాల్వు తెరిచి నీటిని వదలండి. చిలుము, ఇసుక, పైపు ముక్కలు బయటికి వచ్చేస్తాయి. లేకపోతే అవే వెళ్లి కొత్త కుళాయి లోపల నీటిని తెరిచి మూసే భాగమైన కార్ట్రిడ్జిలో ఇరుక్కుంటాయి. ప్రధాన వాల్వు కట్టేసి ఉంటే ఈ ఒక్క క్షణం కోసం తెరవడానికి మరో మనిషి సాయం ఉండాలి.

కుళాయి వైపు కొస

కుళాయిని సింకుకు బిగించకముందే, బల్ల మీద ఉండగానే ఈ కొసలు ఎక్కించడం తేలిక. ఇక్కడ నీటిని ఆపేది చిన్న ఓరింగు, అంటే సన్నటి రబ్బరు ఉంగరం. అది గాడిలోనే ఉందా, చీలిందా చూసి, నీటితో కాస్త తడిపి, వేళ్లతోనే తిప్పండి. నూనె, వ్యాజిలీన్ లాంటి పెట్రోలియం సరుకు రాయవద్దు, ఓరింగులకు మామూలుగా వాడే ఈపీడీఎం రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. చేతి బిగువు చాలు. స్పానరు పెడితే పల్చటి ఇత్తడి మెడ విరిగి, మర ముక్క కుళాయి లోపలే ఉండిపోతుంది, దాన్ని బయటికి తీయడం వేరే కథ.

రెండు గొట్టాల మెడల్లో ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయి ఉంటుంది. అది తయారీ లోపం కాదు. పక్కపక్కనే ఉన్న రెండు రంధ్రాల్లో ఆరు పలకల భాగాలు ఒకదానికొకటి తగలకుండా అలా చేస్తారు.

గొట్టాలను సింకు రంధ్రంలోంచి దించేటప్పుడు ఒకదాని తరవాత ఒకటి దించండి. మామూలు రంధ్రం 35 మిల్లీమీటర్లది, రెండు అరంగుళం నట్లు ఒకేసారి దూరవు. అంతకన్నా ముఖ్యమైనది: కుళాయిని కింది నుంచి పట్టే ప్లేటు, రబ్బరు బిళ్ల, పెద్ద నట్టు ఉంటే అవి కూడా గొట్టాలను వాల్వులకు కలపకముందే వాటి మీదుగా ఎక్కాలి. అన్నీ బిగించి, నీళ్లు వదిలి, చేతులు కడుక్కున్నాక నేల మీద ఆ ప్లేటు కనిపించిందంటే, మళ్లీ మొదటికి రావాల్సిందే.

వాల్వు మూతి ఏ రకం?

వాల్వు మూతి చదునుగా, కాస్త దళసరి అంచుతో ఉంటే వాషరు దాని మీద నిండుగా కూర్చుంటుంది. ఇంకేమీ చేయక్కర్లేదు.

కొన్ని వాల్వులు కంప్రెషన్ రకం. కొన్నప్పుడు వాటి మూతి మీద ఒక నట్టు, దాని లోపల ఒక ఇత్తడి ఉంగరం ఉంటాయి. అవి గట్టి రాగిపైపును కలపడానికి. బిగిస్తున్నకొద్దీ ఉంగరం పైపును కరిచి పట్టుకుంటుంది. మీ గొట్టానికి సొంత నట్టు, చదును వాషరు ఉంటే ఆ నట్టునూ, ఉంగరాన్నీ రెంటినీ తీసి పక్కన పెట్టేయండి. ఉంగరాన్ని మూతిలోనే వదిలేసి పైన వాషరు పెట్టేవాళ్లున్నారు. అప్పుడు వాషరు అంచు మీద కాక ఉంగరం మీద ఊగుతూ కూర్చుంటుంది. తీశాక మూతి అంచు కత్తిలా మరీ పల్చగా ఉంటే, అది వాషరును కోసేస్తుంది. అలాంటి చోట చదును అంచున్న వాల్వు పెట్టించడమే మేలు.

కొన్ని గొట్టాల నట్టులో విడి వాషరు ఉండదు, శంఖం మూతిలా కోసుగా ఉన్న రబ్బరు ఉంటుంది. అదే వాషరు పని చేస్తుంది. దానికి తోడుగా ఇంకో వాషరు వేయకూడదు.

ఇక టేపు సంగతి. వాల్వు వెనక గోడలోని పైపుకు ఎక్కేచోట మర ఇరుకవుతూ పోయే రకమైతే అక్కడ నీటిని ఆపేది మరే, అక్కడ టేపు ఉండాల్సిందే. గొట్టం నట్టు ఎక్కే చోట మర సమానంగా ఉంటుంది, ఆపేది వాషరు. ఇక్కడ టేపు చుడితే లాభం లేకపోగా, నట్టు బిగుసుకుపోయిందన్న భ్రమ కలిగి వాషరు సరిగ్గా నొక్కుకోకముందే ఆపేస్తాం. నా పన్నెండు చుట్ల టేపు చేసింది అదే.

బిగించడం

నట్టును పైకి తిప్పి పట్టి లోపల వాషరు ఉందా, ఒకటే ఉందా, చదునుగా ఉందా చూడండి. ప్రతి నట్టుకూ, ప్రతిసారీ. ఎరుపు గుర్తు ఉన్న గొట్టం వేడినీటికి, నీలం చన్నీళ్లకు. మామూలుగా వేడినీళ్లు ఎడమవైపు.

నట్టును వాల్వు మూతి మీద నిటారుగా ఆనించి, మొదట వెనక్కి, అంటే ఎడమవైపుకు తిప్పండి. ఒకచోట టక్కున చిన్నగా దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. రెండు మరల మొదళ్లూ ఎదురెదురుగా వచ్చిన చోటు అది. అక్కడ నుంచి కుడివైపు తిప్పండి. వేళ్లతోనే కనీసం మూడు చుట్లు సాఫీగా ఎక్కాలి. ఒక చుట్టుకే బిగుసుకుంటే మర అడ్డంగా ఎక్కుతోంది. స్పానరు అందుకోకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఇత్తడి మెత్తని లోహం, తప్పు మరను కూడా ఎదురు చెప్పకుండా కోసుకుంటూ పోతుంది.

వేళ్లతో ఇక తిరగదు అనిపించాక స్పానరు. ఇప్పుడు రెండు స్పానర్ల అవసరం వస్తుంది. ఒకటి వాల్వు ఒంటిని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టును తిప్పడానికి. వాల్వును పట్టుకోకపోతే మీరు పెట్టిన బలమంతా వాల్వు వెనకున్న పైపు మీదికి పోతుంది. గోడలో ప్లాస్టిక్ పైపు ఉంటే అది అక్కడెక్కడో చిట్లుతుంది, తెలిసేది మాత్రం గోడ చెమర్చినప్పుడే.

రబ్బరు వాషరుకు చేతి బిగువు మీద పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అంతే. ఇంకా తిప్పితే రబ్బరు నలిగి లోపలికి పొంగి, నీటి దారికే అడ్డొస్తుంది. నట్టు పల్చటిదైతే చీలిక ఆ క్షణాన కాక, కొన్ని వారాల తరవాత నడిరాత్రి వస్తుంది. ఫైబరు వాషరయితే కాస్త గట్టిగా బిగించాలి, ఒకసారి విప్పాక దాన్ని మళ్లీ వాడకూడదు.

తిప్పేటప్పుడు రెండో మనిషి ఉంటే గొట్టం కొసనున్న లోహపు పట్టీని పట్టుకోమనండి. నట్టుతో పాటు గొట్టమూ తిరిగితే అల్లిక మెలిపడుతుంది. ముందే గొట్టం పొడవునా మార్కరుతో ఒక తిన్నని గీత గీసుకుంటే, మెలిక పడిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. గీత గొట్టం చుట్టూ పాములా తిరిగిందంటే నట్టు వదులు చేసి సర్దాలి.

వంపు మెత్తగా ఉండాలి. నేను వాడే లెక్క ఇది: వంపు లోపల మూసిన గుప్పిట పట్టాలి. లోహపు పట్టీ పక్కనే గొట్టాన్ని వంచకండి, రెండు మూడు అంగుళాలు తిన్నగా పోయాకే వంపు తిరగాలి. బయటికి లాగే స్ప్రే కుళాయి అయితే దాని గొట్టానికి వేలాడే బరువు ఈ గొట్టాలకు తగలకుండా పైకీ కిందికీ పోవాలి. ఒకసారి స్ప్రేను పూర్తిగా లాగి వదిలి చూడండి.

నీళ్లు వదలడం

కుళాయి మూతికి ఉన్న జాలీని విప్పి పక్కన పెట్టండి. కుళాయిని మధ్యస్థంగా తెరిచి ఉంచి, వాల్వులను నెమ్మదిగా తెరవండి. గాలి బుడబుడమని పోయాక ధార నిలకడగా వస్తుంది. రెండు నిమిషాలు పారనిచ్చి, కుళాయి కట్టేసి, జాలీ బిగించండి. కుళాయి మూసినప్పుడే గొట్టాల మీద పూర్తి ఒత్తిడి పడుతుంది, కాబట్టి పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది.

ప్రతి అతుకునూ గుడ్డతో పొడిగా తుడిచి, పొడి కాగితపు రుమాలును నట్టు చుట్టూ తిప్పండి. కంటికి కనపడని తడి కూడా కాగితం మీద ముదురు మచ్చగా కనిపిస్తుంది. పది నిమిషాలకు, గంటకు, మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. వేడినీటి వైపు బాగా వేడినీళ్లు పారించి, చల్లారాక ఇంకోసారి చూడాలి, ఆ వేడిమి తేడాకు అతుకులు కొద్దిగా కదులుతాయి. ఫైబరు వాషరు మొదటి నిమిషాల్లో కాస్త చెమర్చి, తడికి ఉబ్బి తానే ఆగిపోవడం కద్దు. రబ్బరు వాషరుకు ఆ సాకు లేదు.

ఇంకా కారుతుంటే

ముందు ఎక్కడి నుంచో తేల్చుకోండి. నీరు గొట్టం వెంబడి జారి కింది నట్టు దగ్గర బొట్టవుతుంది, దాంతో నేరం నట్టు మీద పడుతుంది. పై నుంచి కిందికి వరసగా తుడుస్తూ రండి, మొదట తడిసేచోటే అసలు దోషి. వాల్వు పిడి మొదట్లో తడి ఉంటే అక్కడున్న చిన్న నట్టును కొద్దిగా, చుట్టులో ఎనిమిదో వంతు బిగిస్తే చాలాసార్లు ఆగుతుంది. గొట్టం నట్టు దగ్గరే కారుతుంటే ఇంకో ఎనిమిదో వంతు తిప్పి చూడండి. ఆగకపోతే బిగించడం మానేసి, నీరు కట్టేసి, విప్పి వాషరు ముఖం చూడండి. బాగా కూర్చున్న వాషరు మీద వాల్వు అంచు ముద్ర పూర్తి వలయంలా పడుతుంది. ఒక వైపే ముద్ర ఉంటే నట్టు వంకరగా ఎక్కింది, లేదా గొట్టం పక్కకు లాగుతోంది. ముద్ర తెగి ఉన్నచోట అంచు మీద ఏదో గరుకుంది.

కారకపోయినా ధార నీరసంగా ఉంటే వాల్వు పూర్తిగా తెరుచుకుందా, గొట్టం ఎక్కడైనా మడత పడిందా, జాలీలో ఇసుక చేరిందా చూడండి. పై ట్యాంకు నుంచి వచ్చే నీటికి ప్రతి పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి మాత్రమే ఉంటుంది. ట్యాంకు ఐదు మీటర్ల పైనే ఉంటే అర బార్. అలాంటి చోట సన్న రంధ్రపు వాల్వు, సన్న గొట్టం రెండూ కలిస్తే కుళాయి ఎంత ఖరీదైనదైనా ధార సన్నగానే వస్తుంది.

సామాను మళ్లీ సర్దేటప్పుడు క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ సీసాను అక్కడ పెట్టకండి. దాని ఆవిరి స్టెయిన్‌లెస్ స్టీలు తీగను కూడా తినేస్తుంది. అల్లికలో ఒక్కో తీగ తెగి, ముళ్లలా పైకి లేచి, ఒకరోజు రబ్బరు నాళం ఆ సందులోంచి బుడగలా ఉబ్బి పగులుతుంది. గొట్టాన్ని గుడ్డతో తుడిచినప్పుడు పోగులు పట్టుకుంటున్నాయంటే తీగలు తెగడం మొదలైనట్టే, ఆ గొట్టాన్ని వెంటనే మార్చేయాలి. పైకి బాగానే కనిపించినా లోపలి రబ్బరుకు వయసు మీద పడుతుంది. ఐదు నుంచి పదేళ్ల లోపు మార్చమని చాలామంది తయారీదారులు చెబుతారు. ఎప్పుడు బిగించారో అన్నేళ్లకు ఎవరికీ గుర్తుండదు కాబట్టి, చిన్న కాగితం మీద నెల, సంవత్సరం రాసి సింకు అలమర తలుపు లోపలి వైపు అంటించండి.